నా ముక్కు ఉద్యోగం

ఇప్పుడు డ్రైవరు తాగాడో లేదో చెప్పడానికి అరచేతిలో పట్టే యంత్రం వచ్చింది. గొట్టంలో ఊదితే కీచుమంటుంది, ఎర్రదీపం వెలుగుతుంది, మనిషి బండి దిగుతాడు. నేను మీసాలు దువ్వుకోవడం మొదలుపెట్టిన రోజుల్లో, అంటే డెబ్బైల్లో, మా హిందూపురానికి ఆ యంత్రం రాలేదు. అందుకని ఆ పని నేను చేసేవాణ్ణి. నవ్వుకోండి, ఫరవాలేదు. నా మొదటి ఉద్యోగం వాసన చూడటం. పొద్దున్నే బస్సుల షెడ్డు ముందు నిలబడితే డ్రైవర్లు వరసగా వచ్చి నా మొహమ్మీద ఊదేవాళ్లు. నేను పీల్చి "సరే" అంటేనే బండి తాళం వాళ్ల చేతికొచ్చేది. అబ్బాయి ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే మా నాయన "బస్సు కంపెనీలో చెకింగు" అని గర్వంగా చెప్పి, దేన్ని చెక్ చేస్తాడో మాత్రం మింగేసేవాడు.

ఈ ఉద్యోగం నాకు అత్తరు వల్ల వచ్చింది. మా నాయన మసీదు వీధిలో అత్తరు, సాంబ్రాణి అమ్మేవాడు. పసితనం నుంచి ఆ సీసాల మధ్య పెరిగినందువల్ల కళ్లు మూసుకుని కూడా ఏ సీసాలో ఏముందో చెప్పేవాణ్ణి (చదువులో ఇందులో సగం చురుకుదనం ఉన్నా నా కథ వేరుగా ఉండేది). బస్సు కంపెనీ యజమాని మా సావుకారు. ఆయనకు హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం దాకా బస్సులు తిరిగేవి. అందులో ఒకటి పెనుకొండ మలుపు దగ్గర రోడ్డు దిగి, చింతచెట్టుకు ఆనుకుని ఆగింది. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. డ్రైవరు మాత్రం కిందికి దిగి, అడ్డం వచ్చినందుకు చెట్టును అమ్మనాబూతులు తిట్టాడట. దాంతో సావుకారు గుండెల్లో రాయి పడింది. ఆ వారమే మల్లె అత్తరు కోసం మా అంగడికి వచ్చి, నా విద్య చూసి, మా నాయనతో "ఏమప్పా, నీ కొడుకు ముక్కు నాకిస్తావా?" అన్నాడు. మా నాయన ఎగిరి గంతేసినంత పని చేశాడు.

అది సుఖమైన ఉద్యోగం అనుకునేరు! డ్రైవర్లకు నా మీద కోపం లేదుగానీ పంతం ఉండేది. ఒకడు పచ్చి ఉల్లిగడ్డ కొరుక్కుని వచ్చేవాడు, ఒకడు జామాకు నమిలేవాడు, ఇంకొకడు లవంగాలు బుగ్గన పెట్టుకుని పెళ్లి బిరియానీలా ఘుమఘుమలాడేవాడు. వాటన్నిటి అడుగున సారాయి ఎక్కడ దాక్కుందో వెతికి పట్టాలి. మా నాయన ఒక కిటుకు నేర్పాడు. "పక్కోని వాసన చూసే ముందర నీ చొక్కా వాసన చూసుకోల్ల. లేకపోతే ముక్కు మొద్దుబారిపోతాది." అందుకని ఒక్కొక్కడూ ఊదగానే నా చొక్కా చేతిని ఒకసారి పీల్చుకునేవాణ్ణి. పాపం వాళ్లేమో నేను అసహ్యపడి మొహం తిప్పుకుంటున్నానని అనుకునేవాళ్లు. "అయ్యగారికి మా నోరు సరిపోలేదు, పన్నీరు తాగి రావాల్నేమో!" అని ఎత్తిపొడిచేవాళ్లు.

వాళ్లందరిలో నేను కళ్లు మూసుకుని సరే అనేది ఒక్క బ్రేకు మామకే. కోడిపిల్ల అడ్డం వచ్చినా బస్సు నిలిపి, అది దాటేదాకా ఓపిగ్గా చూసే మనిషి కాబట్టి ఆ పేరు. నమాజు తప్పడు, బీడీ ముట్టడు, నవ్వడు. పైగా వాళ్ల రెండో కూతురిని నాకు చేసుకోవాలని రెండిళ్లలో మాటలు నడుస్తున్నాయి. మామ మా ఇంట్లో టీ తాగి, చక్కెర సరిపోయిందని కూడా ఒప్పుకున్నాడు. ఇక తారీఖు పెట్టుకోవడమే తరువాయి. నేనప్పటికే అద్దంలో చూసుకుంటూ పెళ్లికొడుకు మొహానికి కట్టే పూల సెహ్రా కట్టుకుంటే ఎలా ఉంటానా అని ఊహించుకునేవాణ్ణి.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున మామ నవ్వుకుంటూ షెడ్డుకు వచ్చాడు. అదే మొదటి విడ్డూరం. దగ్గరికి వచ్చి నా భుజం తట్టి "ఏమప్పా అల్లుడా, బాగుండావా?" అన్నాడు. ఇంకా తారీఖే పెట్టలేదు, అప్పుడే అల్లుడా! నా గుండె గాల్లో తేలింది. ఆ సంతోషంలో నేను సరే అనబోతుండగా ఆయన అలవాటు కొద్దీ నా మొహమ్మీద ఊదాడు. నేను చొక్కా చేయి పీల్చుకున్నాను. మళ్లీ ఊదమన్నాను. మళ్లీ పీల్చుకున్నాను. బెల్లం, ఏవో వేళ్లు, పువ్వులు, వాటి కింద సందేహం లేకుండా మత్తు. ఎదురుగా బస్సు నిండా జనం, పట్టుచీరలు కొనడానికి ధర్మవరం పోయే ఆడవాళ్లు, వాళ్ల ఒళ్లో పిల్లలు. కాదంటే నా పెళ్లి పోతుంది. సరే అంటే ముందు పెనుకొండ మలుపు ఉంది.

"మామా, ఈ పొద్దు నువ్వు బండి తీయద్దు" అన్నాను.

మామ మొహంలో నవ్వు ఎగిరిపోయింది. "ఏమంటాండావు? నా నోట్లో సారాయా? ఇన్నేండ్లలో ఎవురైనా నన్ను ఒక్క మాట అన్యారా? నీకు మతి ఉండాదా లేదా?" అని అరిచాడు. అంతలో బస్సు కిటికీలోంచి ఒక ఆడపిల్ల తల బయటికి వచ్చింది. వాళ్ల రెండో కూతురే! ధర్మవరంలో చిన్నమ్మ ఇంటికి పోవడానికి ఎక్కి కూర్చుందట. "నాయనా! అక్క అరిష్టం సీసా పొద్దున ఖాళీగా పడుండె. పిల్లి దొర్లించిందని అవ్వ దాన్ని తరుముతాండాది. నువ్వేనా తాగింది?"

సంగతేమిటంటే, వాళ్ల పెద్దమ్మాయి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. బాలింతకని తెచ్చిన దశమూలారిష్టం అలమరలో ఉంది. మామకు కడుపులో గ్యాసు పట్టుకుంది. ఒక మూత తాగాడు, తియ్యగా ఉంది. తియ్యటి మందు చెడ్డదెలా అవుతుందని సీసా ఎత్తేశాడు. అందులో మత్తు ఉంటుందని ఆ అమాయకుడికి తెలియదు. జనమంతా పగలబడి నవ్వారు. సావుకారు కూడా కళ్లు తుడుచుకుంటూ "మందే కదప్పా, పోనీలే. బస్సు నిండిపోయుండాది, తాళమియ్యి" అన్నాడు.

నేను కిటికీ వైపు చూశాను. ఆ పిల్ల నావైపే చూస్తోంది. ఏడుపొచ్చినంత పనైంది. అయినా తాళం వెనక్కు పెట్టుకుని "అది మందని చింతచెట్టుకు తెలుస్తాదా సామీ?" అన్నాను.

సావుకారు నవ్వు ఆపేశాడు. వేరే డ్రైవరును ఎక్కించాడు. మామ నావైపు చూడకుండా పోయి ఒక పాత టైరు మీద కూర్చున్నాడు, కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయి, మధ్యాహ్నం మసీదులో అజాన్ వినిపించేదాకా గురకపెట్టాడు. సాయంత్రానికి ఊళ్లో ఆయన పేరు బాలింత మామ అయిపోయింది. మా నాయన తల పట్టుకున్నాడు. "నీ ముక్కు పాడుగాను! నోటికాడికొచ్చిన సంబంధం పోగొట్టుకుంటివి కదరా!" అన్నాడు. మరుసటి రోజు నుంచి మామ వచ్చి, ఒక్క మాట లేకుండా నా మొహమ్మీద తుఫాను గాలిలా ఊది, తాళం లాక్కుని పోయేవాడు. పెళ్లి మాటలు ఆగిపోయాయి. నేను అద్దం ముందు నిలబడటం మానేశాను.

ఒక శుక్రవారం నమాజు తర్వాత మామ మా అంగడి మెట్లెక్కాడు. నేను పెట్టె వెనకాల దాక్కున్నంత పని చేశాను. ఆయన మా నాయనతో అన్నాడు: "శానా ఆలోచన చేసినా. ఆ పొద్దు బస్సులో నా బిడ్డ కూసోనుండె. నేను ఎక్కింటే దాన్ని ఏ చెట్టుకేసి కొట్టింటినో. నా కోపానికి నీ కొడుకు భయపడింటే ఏమయ్యుండేది? ఇట్లాంటోడు మళ్ల నాకు యాడ దొరుకుతాడు? తారీఖు పెట్టుకుందాం." ఆగి, నావైపు వేలు చూపించాడు. "ముక్కు మాత్రం శానా గట్టిది. ఇంట్లో కూర మాడిన పొద్దు గమ్మునుండమని చెప్పు." నేను నవ్వలేదు, ఏడ్చేశాను. మా నాయన ఆ సంతోషంలో గులాబీ అత్తరు సీసా మొత్తం మామ చొక్కా మీద వంచేశాడు.

తర్వాత కంపెనీ పోయింది, నేను అంగడి చూసుకున్నాను. మామ మాత్రం ఆ అలవాటు వదల్లేదు. ముసలితనంలో మనవడిని సైకిలు మీద బడికి తీసుకుపోయే ముందు కూడా నా దగ్గరికి వచ్చి, నిలబడి, ఊదేవాడు. అడగకుండానే. "సరే మామా" అంటేనే పెడలు మీద కాలు పెట్టేవాడు. ఆయన పోయిన తర్వాత చాలా రోజులు, పొద్దున ఆ వేళకు నేను చొక్కా చేయి పీల్చుకుంటూ వాకిట్లో ఊరికే నిలబడేవాణ్ణి.

ఇప్పుడు నా ముక్కు ముసలిదైపోయింది. అత్తరుకు, మంచినీళ్లకు తేడా తెలియడం లేదు. కూర మాడినా గమ్మునుండటం నాకు చాలా సులువైపోయింది. స్కూటరు తీసే ముందు మాత్రం, దగ్గు మందు తాగినా తాగకపోయినా, మా ఆవిడ ముందు నిలబడి ఊదుతాను. ఆమె తన కొంగు ఒకసారి వాసన చూసుకుని, వాళ్ల నాయన మొహం పెట్టి, "సరే, పోయిరా. నిదానం" అంటుంది.