పళ్లెంలో చింతమొక్క, రేపల్లెలో పసిగుడ్డు

మొన్న తెనాలిలో మా ఎదురు వాటా అమ్మాయి ఆన్‌లైన్లో తెప్పించిన బోన్సాయ్ కుండీ తెచ్చి నా ముందు పెట్టింది. "బాబాయ్ గారూ, వీడియోలో వేళ్లు కత్తిరించమంటున్నారండీ, నాకు చెయ్యాడట్లేదు" అంది. బాపట్లలో నాకు డాబా నిండా మరుగుజ్జు చెట్లుండేవని, వాటిని చూడ్డానికి ఊళ్ల నుంచి జనం వచ్చేవారని ఆ పిల్లకి చెప్పుకున్నది నేనే. నిజానికి ఉన్నది ఒక్క చింతమొక్క; చూసిపోయింది కరెంటు మీటరు చూసే ఆయన. సరే, కత్తిరించి ఇచ్చాను. కానీ గోళ్లలో మట్టి వదుల్చుకుంటుంటే, వెనకటి భయమొకటి గుర్తొచ్చింది.

అప్పట్లో నాది బాపట్లలో గుమాస్తా ఉద్యోగం, కొత్త కాపురం. పిట్టగోడ పగులులో మొలిచిన చింతమొక్కను ఊడదీసి, అడుగున చిల్లులున్న లోతు తక్కువ మట్టిపళ్లెంలో ఎర్రమట్టీ ఇసుకా పశువుల ఎరువూ కలిపి నాటాను. లేత కొమ్మకు రాగితీగ ఏటవాలుగా చుట్టి కొంచెం కొంచెంగా వంచడం, అది బెరడులోకి దిగకముందే విప్పెయ్యడం, పైరెమ్మలు గిల్లడం, ఏడాదికో రెండేళ్లకో వేళ్లలో మూడోవంతు కోసి కొత్తమట్టిలో పెట్టడం, ఇంతే ఆ విద్య.

ఏడో నెలలో మా ఆవిడను పుట్టింటికి తీసుకెళ్లడానికి రేపల్లె నుంచి వచ్చిన మా అత్తగారు ఆ పళ్లెం ముందు చాలాసేపు నిలబడ్డారు. "అల్లుడుగారూ, ఇంటిది కడుపుతో ఉన్నప్పుడు మగాడు చెట్టు మీద కత్తి పెట్టకూడదండి. పురుడయ్యేదాకా దీని జోలికెళ్లకండి" అన్నారు. అలాగేనండి అన్నాను, మీసాల చాటున నవ్వుకుంటూ.

వాళ్లు వెళ్లిన కొన్నాళ్లకు వేళ్లు పళ్లెమంతా అల్లుకుపోయి, పోసిన నీళ్లు ఇంకకుండా అంచుల మీదుగా జారిపోసాగాయి. ఆకులు పండి రాలుతున్నాయి. కొయ్యకపోతే మొక్క బతకదు. ఇలాంటి నమ్మకాలు నాకు లేవని, చటుక్కున కత్తెర తీసి కోసేశానని ఇన్నాళ్లూ చెబుతూ వచ్చాను. ఎక్కడిది! తలుపు గడియ పెట్టుకుని, ఒక్కో వేరు తెగిన చప్పుడుకీ రేపల్లె దిక్కుకు చూసుకున్నాను.

పళ్లెం నీడన పెట్టానో లేదో, ఇంటి ఓనరు వచ్చి, రేపల్లె నుంచి ఫోనొచ్చిందనీ, మా ఆవిడకు నెల ముందే నొప్పులొస్తున్నాయనీ చెప్పాడు. బస్సులో ఎవరేం మాట్లాడారో ఒక్క ముక్క చెవికెక్కలేదు.

ఆసుపత్రి వరండాలో అత్తగారు నా గోళ్లకేసి చూశారు. "ఆ మట్టేంటండీ?"

"బస్సు టైరు పంక్చరైతే ఓ చెయ్యి వేశానండి."

లోపల మా ఆవిడ కేకలు ఆగిపోయాయి, బిడ్డ ఏడుపు మాత్రం వినపడలేదు. ఆ నిశ్శబ్దంలో కొళాయి దగ్గరకెళ్లి, రక్తం చిమ్మేలా గోళ్లు తోముకున్నాను. చివరికి పిల్లికూనలా సన్నటి ఏడుపు. ఆడపిల్ల. అరచేతిలో ఇమిడిపోయేదని చెబుతుంటాను గానీ అంత కాదు. అయినా నర్సు ముఖంలో నవ్వు లేదు.

పిల్లను నా చేతిలో పెడుతూ అత్తగారు, "నేనేం అడగనండి. ఆ చెట్టుని మాత్రం నేలలో పెట్టెయ్యండి, పెరగనివ్వండి" అన్నారు.

మర్నాడే పెట్టాను. ఆ చింత ఇప్పుడు బాపట్లలో వీధికంతా నీడనిస్తోందని కనబడ్డవాళ్లకల్లా చెబుతుంటాను. అసలు సంగతేమిటంటే, వేళ్లు కోసిన గాయం మానకముందే మళ్లీ కదిలించేసరికి అది వారం తిరక్కుండా ఎండిపోయింది. పుల్ల విరిస్తే లోపల పచ్చదనం లేదు. అక్కడ పిల్లకేమో పాలు ఒంటబట్టడంలేదు, బరువు పెరగడంలేదు. ఆదివారం రేపల్లెలో దిగితే చాలు, అత్తగారు గుమ్మంలోనే "చిగురేసిందాండీ?" అనేవారు. "వేస్తోందండి" అనేవాణ్ణి. ఆవిడ కొంగుతో కళ్లొత్తుకునేవారు. నేను ఒళ్లోని పిల్ల ముఖం చూడలేక తల తిప్పుకునేవాణ్ణి. పిల్ల బోర్లాపడి, దోగాడి, గోడ పట్టుకుని నిలబడేదాకా ఆ చెట్టు నా అబద్ధంలో చిగుళ్లు వేస్తూనే ఉంది.

ఇప్పుడు పసిపిల్ల బరువు పెరగకపోతే డాక్టరు కారణం చెబుతాడు, కత్తెర పట్టినవాడు ఏ ఊరి దిక్కుకూ చూడక్కర్లేదు. మంచిదే. కానీ ఆ భయంతోపాటే, ఎక్కడో బాపట్లలో ఉన్న మొక్కకూ తన మనవరాలి ఊపిరికీ ముడి ఉందని నమ్మి గుమ్మంలో ఎదురుచూసిన మనిషీ వెళ్లిపోయింది. ఇవాళ ఆ ఎదురు వాటా మొక్క నిజంగానే చిగురేసిందని చెబుదామన్నా, అడిగేవాళ్లు లేరు.