మేస్త్రీ వదిలిన తాపీ

ఉప్పలగుప్తం బళ్లో ముప్పయ్యేళ్లుగా ఏ పిల్లాడి సాకునూ నమ్మని రాహేలు టీచరు, పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో వంటింటి పక్కన గది వేయిస్తూ మేస్త్రీ సూర్రావుని మాత్రం నమ్మింది. గోడలు నడుమెత్తు లేచాక, "రెండ్రోజుల్లో వచ్చేత్తానండి. నా తాపీ మీకాడే ఉంటాది, అది లేకుండా ఎక్కడ పని సేత్తానండీ" అని వెళ్లాడతను.

రెండు నెలలైంది. గదిలో తోటకూర మొలిచింది. ఎవరడిగినా టీచరు మేకుకు వేలాడే తాపీని చూపించి, "పనిముట్టు వదిలిన మనిషి రాకుండా ఎక్కడికి పోతాడు" అనేది.

ఓ ఆదివారం ముమ్మిడివరంలో చెల్లెలు సుందరి ఇంటికి వెళ్తే అక్కడా సగం గోడలే.

"సూర్రావు వచ్చేస్తాడక్కా. తాపీ మా ఇంట్లోనే పెట్టేడు" అంది సుందరి ధీమాగా.

టీచరు ఆ తాపీని తిప్పి చూసింది. తనింట్లో దానికంటే కొత్తది. అప్పుడొచ్చింది కోపం, తనకి పాతది అంటగట్టినందుకు.