ఫ్లెక్సీ మీద అత్త కళ్ళు

మా మేనత్త పోయింది. పొద్దున్నే పాలు పితికి వచ్చి, అరుగు మీద కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయిందట. దమ్మపేట నుంచి మామ ఫోన్ చేసి, "మీ అత్త ఇగ లేదు బిడ్డా" అని ఒక్క మాట అని పెట్టేశాడు. ఖమ్మంలో మా వంటింట్లో నిలబడి బోరున ఏడ్చాను.

ఆమెను ఎరగనివాళ్ళకు ముందు ఆమె కళ్ళ గురించి చెప్పాలి. నడివయసులో అత్త కళ్ళు ముందుకు పొడుచుకొచ్చాయి. ఎప్పుడు చూసినా ఎవరినో గద్దిస్తున్నట్టే ఉండేది. నిజానికి సగం సార్లు గద్దిస్తూనే ఉండేది లెండి. ఆమె ఎదురొస్తే దిష్టి తగులుతుందని ఆడవాళ్ళు చంటిపిల్లల్ని కొంగు కింద దాచేవాళ్ళు. అత్త ఊరుకుంటుందా? "నా కళ్ళు నీ బిడ్డ మీద లేవే తల్లీ, నీ పొయ్యి మీద మాడుతున్న కూర మీదున్నయ్. జల్దీ పో" అనేది. మా కొత్తింటి గుమ్మానికి నాన్న బూడిద గుమ్మడికాయ కడుతుంటే, "నేనుండంగ అదెందుకురా తమ్ముడూ, దండగ!" అని పకపకా నవ్వింది.

నవ్వేది గానీ, ఆ కళ్ళు ఆమెను బాగా ఏడిపించాయి. రెప్పలు పూర్తిగా మూతపడక, లేచేసరికి ఇసుక పోసినట్టు మంట. తాయెత్తులూ పసర్లూ అన్నీ అయ్యాక ఎప్పటికో దవాఖానాకు వెళ్ళింది. అప్పటికే ఎడమకంటి చూపు చాలావరకు పోయింది.

నాకు పెళ్ళి కుదిరిన రోజుల్లో ఉన్నట్టుండి చిక్కిపోయాను. చేతులు వణికేవి, గుండె దడదడలాడేది. పెళ్ళి బెంగ అనుకుంది అమ్మ. పసుపు దంచడానికి వచ్చిన అత్త నన్ను చూడగానే రోకలి పక్కన పడేసింది.

"పిల్లా, నీ కంట్ల నల్లగుడ్డు పైన తెలుపు ఎప్పట్నుంచి గిట్ల కనబడుతుంది?"

"ఏమో అత్తా, తెల్వదు."

"రేపు పొద్దుగాల బస్సుకు దీన్ని ఖమ్మం తీస్కపోత" అంది అమ్మతో.

"పెళ్ళివాళ్ళకు తెలిస్తే ఏమంటరు వదినా?"

"ఏమన్నా అననీ. కన్ను పోయినంక పెళ్ళికొడుకును ఏం జూస్తది?"

అమ్మ బస్సు డబ్బులు తీసి అత్త చేతిలో పెట్టింది. ఖమ్మంలో రక్తపరీక్షలు చేసి, గొంతు దగ్గర ఉండే థైరాయిడ్ గ్రంథి మితిమీరి పనిచేస్తోందన్నారు. ఒంటిని కాపాడాల్సిన శక్తే దారి తప్పి ఆ గ్రంథి మీద, కంటి వెనక కండల మీద పడుతుందట. ఆ కండలు, కొవ్వు వాచి కనుగుడ్డును ముందుకు నెడతాయి. అత్తకూ జరిగిందదేనట. అందరికీ కళ్ళు ముందుకొచ్చేది ఇందువల్లే కాదని, కొందరికి పుట్టుకతోనే కళ్ళు అలా ఉంటాయని కూడా చెప్పింది డాక్టరమ్మ. తిరుగు బస్సులో అత్త పక్క సీట్లవాళ్ళందరికీ పాఠం మొదలుపెట్టింది: "కన్ను పెరగదమ్మా. ఎనక వాపొచ్చి నెడుతది. దయ్యం లేదు, గియ్యం లేదు." పొగ వల్ల ఇది ఇంకా ముదురుతుందని విన్నది కదా, ఇల్లు చేరగానే మామ మీద పడింది. "చుట్ట ఇంట్లకొస్తే నువ్వు పెరట్లనే పండాలె!" పాపం, మామ మళ్ళీ చుట్ట ముట్టలేదు.

వేళకు మందులు పడ్డాయి. నా చూపు దక్కింది. పెళ్ళీ ఆగలేదు.

పెద్దకర్మకు బావ, అంటే అత్త కొడుకు, ఫ్లెక్సీ వేయించాడు. స్టూడియోవాళ్ళు కళ్ళు చిన్నవి చేసి, మొహం నున్నగా దిద్దారు. నాకు ఒళ్ళు మండింది.

"ఇదెవరు బావా? మా అత్తేది?"

"అమ్మ చక్కగ కనబడాలని చేయించిన. రేపు అందరొస్తరు కదా."

"ఆ కళ్ళను చూసుకోబట్టే కదా నా కళ్ళు గుర్తుపట్టింది! వాటినే తీసేస్తవా?"

మూలన కూర్చున్న మామ తలెత్తాడు. "ఉన్నది ఉన్నట్టు పెట్టురా" అన్నాడు. బావ స్టూడియోకు బండి తీశాడు.

మర్నాడు ఇంటి ముందు అత్త నిలువెత్తున నిలబడింది, కళ్ళు ఉన్నవి ఉన్నట్టుగా. భోజనాల వేళ, అత్తతో పామాయిల్ తోటలో పనిచేసిన ఒకామె అడవి పక్క ఊరి నుంచి కూతురితో వచ్చింది. చాలాసేపు ఫ్లెక్సీ చూసి నా దగ్గరకొచ్చింది.

"అక్కా, ఆమెకున్న అసొంటి కళ్ళకు మందుంటదా? మా పిల్లకు గట్లనే అయితుంది. సిగ్గుతోటి బయటికే రాదు."

"ఉంటది" అన్నాను. "నాకూ అదే వచ్చింది. నా కళ్ళు చూడు."

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. నుదుటి కిందికి లాక్కున్న చున్నీని మెల్లగా వెనక్కి తోసి, అత్త ఫ్లెక్సీ పక్కన ఎండలో నిలబడి, తన కళ్ళు నాకు చూపించింది.