ముఖమంతా పులి

పార్కులో అందరూ ఆమెను రంగులక్క అంటారు. పద్దెనిమిదేళ్లుగా జెయింట్ వీల్ పక్కన, గొడుగు కింద కూర్చుని పిల్లల ముఖాలకు రంగులు వేస్తోంది. ఎవరొచ్చినా ముందు ఎడమ చేత్తో గడ్డం పట్టుకుని, నీళ్లలోకి తొంగిచూస్తున్నట్టు కాసేపు చూస్తుంది. ఆ తర్వాతే బ్రష్ తడుపుతుంది.

ఈ వేసవిలో ప్రతి ఆట దగ్గరా కెమెరా పెట్టారు. టికెట్టు కొన్నప్పుడు తీసిన ఫొటోతో ముఖం పోల్చుకుంటేనే గేటు తెరుచుకుంటుంది; కాగితం టికెట్టు ఉన్నవాళ్లకు గేటు మనిషి తెరవాలి. రోజంతా తీసిన ఫొటోలు సాయంత్రం బయటి గేటు దగ్గర పెద్ద తెర మీద వరసగా వస్తాయి. రంగు పూసిన ముఖాలు మాత్రం కెమెరాకు అంతుపట్టడం లేదు.

సూపర్‌వైజరు వచ్చాడు. "అక్కా, ఇక బుగ్గల మీదే వెయ్యి. ముఖమంతా పూశావంటే నీ స్టూలు ఎత్తేస్తా."

"బుగ్గ మీద పులెక్కడ పడుతుంది నాయనా? తోక పడుతుంది."

"తోకే వెయ్యి."

పదిహేను రోజులు తోకలే వేసింది.

ఒక మధ్యాహ్నం ఒకావిడ ఏడేళ్ల కూతురితో వచ్చింది. "ముఖమంతా వేస్తారా?"

"వెయ్యనివ్వడం లేదమ్మా."

ఆవిడ గొంతు తగ్గించింది. "పోయినసారి ఆ తెర మీద దీని ఫొటో చూసి ఎవరో దీని నాన్నకు మేమీ ఊళ్లో ఉన్నామని చెప్పారు. ఆయనకు భయపడి ఇల్లు మారాం. ఇదేమో ఆ పెద్ద చక్రం ఎక్కుతానని ఒకటే గొడవ. కాగితం టికెట్టే కొన్నాను."

రంగులక్క పాప గడ్డం పట్టుకుని చాలాసేపు చూసింది. నుదుటి మీద నారింజరంగు పొద్దు వాలినట్టు దిగింది. నల్లచారలు చెంపల మీదుగా మెల్లగా పాకాయి. పాప కళ్లు మూసుకుంది.

"నిద్రపోతున్నావా?"

"లేదు. పులినవుతున్నా."

చక్రం దగ్గర కెమెరా మూడుసార్లు ఎర్రదీపం వెలిగించింది. గేటు మనిషి నవ్వాడు. "పులిగారూ, కాగితముందా?" టికెట్టు చింపి, చేత్తోనే గేటు తెరిచాడు.

రంగు ఆరకముందే సూపర్‌వైజరు వచ్చాడు. "చెప్పాను కదక్కా."

"చెప్పావు." ఆమె బ్రష్‌లు కడిగి గొడుగు మడిచింది. "స్టూలు నాదే. నేనే ఎత్తుకుంటాలే."

బయటి గేటు దాటుతూ వెనక్కి చూసింది. మబ్బుల్లోకి లేచిన చక్రం అంచున ఒక చిన్న పులి అందరికీ చెయ్యూపుతోంది. చేతులు ఖాళీ లేక రంగులక్క స్టూలే పైకెత్తి ఊపింది.