ముందే తీర్చిన మొక్కు

మొన్న గురువారం తెల్లవారగానే బస్సెక్కి కొండకు పోయి, కల్యాణకట్టలో మూడు కత్తెర్ల జుట్టు ఇచ్చి, దర్శనం చేసుకుని ఇంటికి తిరిగి వచ్చేసరికి మా అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది. మనవరాలి షటిల్ పోటీ ఆదివారం. అది గెలిస్తే మూడు కత్తెర్లు ఇస్తానని మొక్కుకున్నట్టు రెండు రోజుల ముందు భోజనాల దగ్గర నేనే నోరు జారాను. ఆట ఇంకా కానేలేదు, మొక్కు మాత్రం తీరిపోయింది, కాబట్టి తల్లికి మతిమరుపు మొదలైందని దాని అనుమానం. అల్లుడు పెద్దమనిషి, పైకి ఏమీ అనలేదు గానీ, సాయంత్రం కాఫీ తాగుతూ ఈరోజు ఏ వారం అత్తయ్యా అని మాటల్లో మాటగా అడిగాడు.

నా మతి బాగానే ఉంది. బాగా ఉండబట్టే పోయి వచ్చాను. ఆ రాత్రి భోజనాల దగ్గర నేను మొక్కు సంగతి చెప్పగానే, పద్నాలుగేళ్ళ మనవరాలు అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేసింది. ముఖం పాలిపోయింది. కాసేపయ్యాక వచ్చి నా పక్కన కూర్చుంటే చెయ్యి పట్టుకుని చూశాను, చల్లగా ఉంది. అలాంటి ముఖాన్నీ అలాంటి చేతినీ నలభై ఏళ్ళ కిందట ఒకసారి చూశాను, అప్పుడూ తప్పు నాదే.

అప్పట్లో నేను తిరుపతిలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచర్ని. మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో డ్రిల్లు టీచరంటే లెక్కల టీచరు సెలవు పెట్టిన పూట పిల్లలు గోల చేయకుండా కాపలా కాసే మనిషి. నాకేమో ముక్కు మీద కోపం, మెడలో విజిలు, దేశానికంతటికీ ఆటగత్తెల్ని నేనే తయారు చేసి ఇస్తానన్న పొగరు. రోజూ పొద్దున ఆలస్యంగా వచ్చేవాళ్ళ కోసం బెత్తం పట్టుకుని గేటు దగ్గర నిలబడేదాన్ని. అక్కడే దొరికింది ఆ పిల్ల. తిరుచానూరు నుంచి రావలసిన బస్సు ఆలస్యమైతే, స్టాండులో దిగి స్కూలుదాకా పరిగెత్తుకుంటూ వచ్చేది, భుజాన సంచీ, జడలో కనకాంబరాలు, పావడా ఒక చేత్తో ఎత్తిపట్టుకుని. ఆ పరుగు చూసి నా చేతిలో బెత్తమున్న సంగతే మరిచిపోయాను.

వాళ్ళ నాయనకు అమ్మవారి గుడి ముందు పూలంగడి. తల్లి చిన్నప్పుడే పోయింది, నాయన తల్లి, అంటే వాళ్ళ అవ్వ, పెంచింది. నేను ఆ పిల్లను నాలుగు వందల మీటర్లకు తయారు చేశాను. మా గ్రౌండులో సున్నంతో గీత గీసి పరిగెత్తిస్తే కాలేజీ పిల్లలు కూడా దాని వెనకే. కానీ పోటీ అనేసరికి, బయటి వాళ్ళు నలుగురు వచ్చి గీత మీద నిలబడేసరికి, దాని చేతులు మంచులో పెట్టి తీసినట్టు అయిపోయేవి, గోడ చాటుకు పోయి వాంతి చేసుకునేది, ఆ తరువాత మరెవరి కాళ్ళతోనో అన్నట్టు పరిగెత్తేది. తొమ్మిదో తరగతిలో రెండు పోటీల్లోనూ ఆఖరున వచ్చింది. నాకు తెలిసిన వైద్యమంతా చేశాను. గ్లూకోజు తాగించాను, నిమ్మబద్ద చీకించాను, ధైర్యం చెప్పాను, చెప్పి చెప్పి విసుగొస్తే అరిచాను. భయపడకు అని అరిస్తే భయం పోతుందని నమ్మినదాన్ని నేను.

పదో తరగతిలో చిత్తూరులో జిల్లా పోటీ వచ్చింది. మొదటి ఇద్దరూ రాష్ట్ర పోటీకి పోతారు, అక్కడినుంచి క్రీడల హాస్టల్లో సీటు. సీటొస్తే పంపిస్తానని వాళ్ళ నాయన ఒప్పుకున్నాడు. రాకపోతే పదో తరగతితో చదువూ పరుగూ చాలించి అంగట్లో కూర్చోవలసిందే, ఎందుకంటే అవ్వకు చూపు తగ్గింది, పూలు కట్టే చేతులు కావాలి. అందులో ఆయన్ను తప్పు పట్టడానికేమీ లేదు. అందుకే పోటీ పది రోజుల్లో ఉందనగా, ఆ పిల్లకు ఊపు రావాలని, క్లాసు పిల్లలందరి ముందూ నేనొక ఘనకార్యం చేశాను. ఇది చిత్తూరులో గెలిస్తే అలిపిరి నుంచి కొండదాకా మెట్టు మెట్టుకూ పసుపూ కుంకుమా పెడతానని గట్టిగా మొక్కుకున్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల ముఖంలో మాత్రం రక్తం లేదు.

మర్నాడు అది గ్రౌండుకు రాలేదు. ఆ మర్నాడు స్కూలుకే రాలేదు. నాకు కోపం నషాళానికంటింది. సాయంత్రం తిరుచానూరు బస్సెక్కి నేరుగా అంగడికే పోయాను. ఆ పిల్ల కింద కూర్చుని మల్లెలు కడుతూ ఉంది, వేళ్ళు చకచకా ఆడుతున్నాయి, ఒక్క పువ్వు తప్పడం లేదు. నన్ను చూసి తలెత్తకుండానే ఇంక పరిగెత్తనని చెప్పింది. అవ్వా నాయనా మాత్రం నన్ను చూసి మురిసిపోయి, స్టూలు వేసి కూర్చోబెట్టి, తమ మొక్కులు చెప్పుకున్నారు. బిడ్డ గెలిస్తే దాని తలనీలాలు స్వామికిస్తానని అవ్వ మొక్కుకుందట. అలిపిరి దారిలో నిటారుగా ఉండే మోకాళ్ళ మిట్ట దగ్గర మెట్లన్నీ మోకాళ్ళ మీద ఎక్కుతానని నాయన మొక్కుకున్నాడట. ఆయనకు సైకిలు మీద నుంచి పడినప్పటినుంచి ఒక మోకాలు సరిగా మడతపడదు.

నన్ను బస్సెక్కించడానికి ఆ పిల్ల వెంట వచ్చింది. బస్టాపులో నేను తిట్టడం మొదలుపెట్టకముందే అంది: "అందురూ నా కాళ్ళమీదనే మొక్కుకున్నారు టీచర్. గెలిస్తే నాయన ఆ కాలుతో ఎక్కల్ల. ఓడిపోతే సామి మన మాట యినలేదే అని ఏడస్తాడు. ఇప్పుడు మీరు గూడా మొక్కుకున్నారు. నేను యాడికని పరిగెత్తేది?" జడ సంగతి ఎత్తలేదు గానీ, మాట్లాడినంతసేపూ దాని కొసను వేలికి చుట్టుకుంటూనే ఉంది.

బస్సులో కూర్చున్నాక కూడా నా కోపం వెంటనే తగ్గలేదు. పదిహేనేళ్ళ పిల్లకు ఇంత ఆలోచన ఎందుకని సణుక్కుంటూ ఉంటే కండక్టరు వచ్చి టికెట్టు అడిగాడు. అప్పుడు తట్టింది, ఇంకా ఊరు చేరనే లేదు, బస్సు చేరుస్తుందో మధ్యలో ఆగుతుందో తెలియదు, అయినా ముందే టికెట్టు తీసుకుంటాం కదా అని. తరువాతి స్టాపులో దిగి, ఎదురొచ్చిన బస్సులో మళ్ళీ తిరుచానూరుకు పోయాను.

పోటీకి ముందే ముగ్గురం మొక్కులు తీర్చేద్దామంటే అవ్వ ఒప్పుకోలేదు. "ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నెట్ల! పని కాకముందే మొక్కు దీర్చేది యాడన్నా ఉండాదా తల్లీ?" అని నన్ను ఎగతాళి చేసింది. నేను బస్సు టికెట్టు సంగతి చెప్పాను. ముందే ఇస్తే స్వామి వద్దంటాడా అని అడిగాను. నాయన కూతురి వంక చూసి, "ఆదివారం పోదాం పాండి" అన్నాడు.

ఆ ఆదివారం అలిపిరి దగ్గర ఆ పిల్ల జడలోని కనకాంబరాలు తీసి పాదాల మండపం దగ్గర పెట్టింది. కొండ మీద పూలన్నీ స్వామివే కదా, మనుషులెవరూ పెట్టుకోరు. నేను వంగి మెట్టుకు పసుపు రాస్తే అది కుంకుమ బొట్టు పెట్టేది. డ్రిల్లు టీచర్ని, నాకిదొక లెక్కా అనుకున్నదాన్ని, గాలిగోపురం చేరకముందే నడుము పట్టుకుని కూలబడ్డాను. ఆ పిల్ల పకపకా నవ్వింది. రెండేళ్ళలో అది అలా నవ్వగా వినడం అదే మొదటిసారి. మోకాళ్ళ మిట్ట దగ్గర నాయన పంచె బిగించి మోకాళ్ళ మీదికి దిగగానే మాత్రం దాని నవ్వు పోయింది. నేను వద్దు వద్దు అంటున్నా వినకుండా తనూ పక్కనే మోకరిల్లి ఆయన భుజం కింద భుజం పెట్టి ఎక్కింది. ఆరు రోజుల్లో పోటీ పెట్టుకుని ఆటగత్తె మోకాళ్ళు రెండూ చెక్కుకుపోయేలా చేసిన శిక్షకురాలు ఈ దేశంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

అవ్వ బస్సులో పైకి చేరింది. కల్యాణకట్టలో క్షురకుడి ముందు మనవరాలు కూర్చోబోతుంటే చెయ్యి పట్టి లేపి, తానే కూర్చుంది. "మొక్కుకున్న నోరు నాది, ఎంటికలు దానివి ఎట్లయితాయి? దానికి మూడు కత్తెర్లు చాలు" అంది. ఆ మాట ఆమెకు ఎప్పుడు తోచిందో నాకు తెలియదు. కళ్ళు మూసుకుని, నెరిసిన జుట్టు ఒళ్ళో పడుతూ ఉంటే కదలకుండా కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది, చెబితే సిగ్గేముంది.

చిత్తూరులో గీత దగ్గరికి పోయేముందు ఆ పిల్ల మళ్ళీ గోడ చాటుకు పోయి వాంతి చేసుకుంది. కానీ ఈసారి నోరు కడుక్కుని వచ్చి, చెయ్యి నా చేతిలో పెట్టి, ఇంకా సల్లగానే ఉండాదా టీచర్ అని అడిగింది. చల్లగానే ఉంది. అయినా తానే పోయి గీత మీద నిలబడింది. విజిలు మోగాక అది పరిగెత్తిన తీరు నేను మా స్కూలు గేటు దగ్గర మొదటిసారి చూసిన తీరే, పొక్కులు కట్టిన మోకాళ్ళతో, ఎవరినీ చూడకుండా, బస్సు ఆలస్యమైన రోజున స్కూలుకు పరిగెత్తినట్టు. మూడోదిగా వచ్చింది. రెండో అమ్మాయి జానెడు ముందు.

హాస్టలు సీటు పోయింది. నేను అక్కడే కూర్చుని ఏడ్చాను. ఆ పిల్ల ఏడవలేదు. గుండు మీద కొంగు కప్పుకుని ఎండలో నిలబడిన అవ్వ దగ్గరికి పరిగెత్తి, ఆమె తల నిమిరి నవ్వింది. అంగట్లో కూర్చోబెడతానన్న నాయన ఆ ఎండాకాలం తానే పోయి కాలేజీలో చేర్పించాడు. ఇంకో రెండేళ్ళు పరిగెత్తింది, కొన్ని గెలిచింది, తరువాత పెళ్ళయింది, ఇప్పుడు ఆ అంగడి దానిదే. ఆ మధ్య అమ్మవారి దర్శనానికి పోయి పలకరిస్తే, కోడలికి నన్ను చూపించి చిత్తూరు పరుగు గురించే చెప్పింది. గెలిచినవాటి పేరైనా ఎత్తలేదు.

ఇదంతా మనవరాలికి చెప్పాను. అది నా కత్తిరించిన జుట్టు కొసలు పట్టుకుని చూస్తూ విని, అయితే నేను ఓడిపోయినా నీకు ఫరవాలేదా అమ్మమ్మా అని అడిగింది. నాది తీరిపోయిందమ్మా అన్నాను. దానికి ఇప్పుడు ఫోన్లో ధైర్యం చెప్పే డాక్టరమ్మ ఉంది, ఊపిరి లెక్కపెట్టమంటుంది, మంచి మాటలే చెబుతుంది, నా నిమ్మబద్దలకంటే వెయ్యి రెట్లు నయం. కానీ మా అమ్మాయి దీని ఆట కోసం ఉద్యోగం మానుకుంది, అల్లుడు బదిలీ చేయించుకుని వచ్చాడు, నేర్పించే అకాడమీ వాళ్ళు ఆట కాకముందే దీని ఫోటోతో ఫ్లెక్సీ కట్టారు. అడిగితే అందరూ మేమేమీ ఆశించడం లేదు, హాయిగా ఆడుకో అంటారు. ఆ రోజుల్లో మేం మూర్ఖంగానైనా పైకి మొక్కుకున్నాం, కాబట్టి ఒక్క ఆదివారం కొండెక్కి ఆ పిల్ల కాళ్ళ మీది బరువు దించేయగలిగాం. పైకి చెప్పని మొక్కులు ఎక్కడికి పోయి తీరుస్తారో నాకు తెలియదు. రేపు పొద్దున అది బయలుదేరేటప్పుడు చెయ్యి పట్టుకుని చూస్తాను. చల్లగా ఉంటే, ఆటో వచ్చేదాకా నా రెండు చేతుల్లో పెట్టుకుని కూర్చుంటాను.