బావ చేతిలో డేరా పుస్తకం

మా అక్క భర్త సారపాక కాగితం మిల్లులో పనిచేసేవాడు. ఏ కాగితం చేతికొచ్చినా రెండు వేళ్ళ మధ్య రుద్ది చూడందే ఆయనకు తోచదు. నా పెళ్ళిపత్రికను రుద్ది, “పల్చగుంది. అయినా కాపురం నిలబడ్తదిలే” అని దీవించాడు.

ఒక వానాకాలం, హిమాలయాలకు సరిపడా సామాను జీపుకెత్తి మమ్మల్నందరినీ ములకలపల్లి అడవికి తీసుకెళ్ళాడు. డేరా ఇంకా విప్పనేలేదు, మా అమ్మ వాగులో జారిపడింది. పైకి లాగితే పళ్ళు టకటకలాడుతున్నాయి. మంటేద్దామంటే పుల్లలన్నీ తడి. చేతికందిన పొడి కాగితం ఒక్కటే, డేరా ఎలా వేయాలో చెప్పే పుస్తకం.

బావ దాన్ని రుద్దాడు. “గింత మంచి కాగితం అంటుపెట్టుడు పాపం.”

“మా అమ్మ వణుకుతాంది, జల్దీ ఇయ్యయ్యా! గా పుస్తకానికి పెండ్లి చేస్తవా ఏంది?” అని అక్క అరిచింది.

బావ ఒక్కో పేజీ చించి, పైకి చదివి, కళ్ళకద్దుకుని మంటకిచ్చాడు. పన్నెండో పేజీకి పుల్లలు అంటుకున్నాయి. డేరా వేసే విద్య భూలోకం నుంచి శాశ్వతంగా పోయింది.

“అల్లుడా,” అంది అమ్మ చేతులు కాచుకుంటూ, “కాళ్ళింక సల్లగనే ఉన్నయ్. ఇంకేమన్న పుస్తకముందా?”

బావ సామాను అడుగు నుంచి, టార్చిలైటు ఎలా వాడాలో చెప్పే పుస్తకం తీశాడు. ఈసారి చదవకుండానే చించాడు.