జవాబు దాటి వెళ్ళిపోయాను!

నిన్న ఏటైందో వినండి. లెక్కకి జవాబు నాకు దొరికింది. నేనే దాన్ని దాటేసి వెళ్ళిపోయాను!

మీకు తెలుసు కదా, సునామీ వచ్చిన ఏడాది నేను పదో తరగతి. నీళ్ళు ఇంట్లోకొచ్చి పుస్తకాలన్నీ పట్టుకుపోయాయి. కొన్నాళ్ళు క్యాంపులో ఉన్నాం. ఆ తర్వాత పెళ్ళి, ఇక్కడ పోర్ట్ బ్లెయిర్‌లో, బతు బస్తీలో ఈ బట్టల కొట్టు. పరీక్ష అలాగే ఉండిపోయింది. ఇప్పుడు మా పింకీ పదో తరగతికొచ్చింది. "అమ్మా, నువ్వూ ప్రైవేటుగా కట్టేయ్, నేను నేర్పుతాను" అంది. కట్టేశాను.

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఈ ట్రిగొనామెట్రీ ఉంది చూశారూ! ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి ఇస్తారు. రెండూ ఒకటేనని మనం నిరూపించాలి.

"ఒకటేనని వాళ్ళే చెప్తున్నారు కదే, మళ్ళీ నేనెందుకు చెప్పడం?" అన్నాను.

పింకీ నుదురు కొట్టుకుంది. "ఎడమవైపు పట్టుకోమ్మా. ఒక్కో లైనూ మారుస్తూ కుడివైపుకి తీసుకురా. అంతే."

ఇక వారమంతా అదే పని. కొట్లో గుడ్డ కొలుస్తూ కూడా "సైన్ స్క్వేర్ ప్లస్ కాస్ స్క్వేర్" అని గొణుక్కుంటుంటే, ఒకావిడ "గళ్ళు వద్దు దీదీ, ప్లెయిన్ ఇవ్వు" అంది!

నిన్న సాయంత్రం డైరీ ఫార్మ్ అనే పేటలో ట్యూషన్. అందరూ పింకీ ఈడు పిల్లలే. సార్ బోర్డు మీద లెక్క రాసి, "దీదీ, ఆప్ ఆయియే" అని నన్నే రమ్మన్నారు. లేచి బోర్డు దగ్గరికెళ్ళాను. చూస్తే ఎడమవైపు సైన్ థీటా బై వన్ మైనస్ కాస్ థీటా. కుడివైపు వన్ ప్లస్ కాస్ థీటా బై సైన్ థీటా. పింకీ నేర్పిన లెక్కే!

పైనా కిందా వన్ ప్లస్ కాస్‌తో గుణించాను. కింద సైన్ స్క్వేర్ వచ్చింది. ఒక సైన్ కొట్టేశాను. మిగిలింది వన్ ప్లస్ కాస్ బై సైన్. అదే జవాబు! కానీ కుడివైపు చూసే తీరికేదీ నాకు? చేతికి ఊపొచ్చేసింది. ఈసారి పైనా కిందా వన్ మైనస్ కాస్‌తో గుణించాను.

"బస్ దీదీ, బస్!" అన్నారు సార్ వెనకనుంచి.

పాపం, చాలు చాలు అంటున్నారాయన. నాకేమో మా బతు బస్తీ బస్సు వచ్చేసిందనిపించింది. ఇంత బాగా వస్తుంటే బస్సేటి?

"పోనీండి సార్, తర్వాత బస్సుకెళ్తాను!" అన్నాను, వెనక్కి తిరక్కుండానే.

క్లాసంతా ఒకటే నవ్వు. మెచ్చుకుంటున్నారనుకుని ఇంకా పెద్దక్షరాలు రాశాను. చివరి లైను రాసి, కింద గీత గీసి చూద్దును కదా... సైన్ థీటా బై వన్ మైనస్ కాస్ థీటా. బయల్దేరిన చోటికే వచ్చి నిలబడ్డాను!

సార్ నవ్వాపుకుంటూ, "దీదీ, మీరు పోర్ట్ బ్లెయిర్‌లో బస్సెక్కి రంగత్ ఊరు చేరారు. దిగకుండా అదే బస్సులో మళ్ళీ పోర్ట్ బ్లెయిర్ వచ్చేశారు" అన్నారు. తర్వాత మధ్యలో ఉన్న ఆ జవాబు చుట్టూ సున్నా చుట్టి, "ఒక్క తప్పూ లేదు, ఫుల్ మార్కులు" అన్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నా కళ్ళల్లో నీళ్ళు!

ఇంటికొచ్చి చెప్తే పింకీ నవ్వీ నవ్వీ నన్ను వాటేసుకుంది. "నీకు లెక్క వచ్చేసిందమ్మా. ఆగడమే రాలేదు."

అన్నం కలుపుకుంటున్న మా ఆయన తలెత్తకుండా, "ఆ సంగతి పెళ్ళైన వారానికే నాకు తెలుసు" అన్నారు.

ఒళ్ళు మండిపోయింది. నేనసలు ఎక్కువ మాట్లాడే మనిషినే కాదని ఆయనకి వివరంగా చెప్పడం మొదలెట్టాను. ఆయన భోంచేశారు, చెయ్యి కడుక్కున్నారు, పడుకున్నారు. గుర్రు కూడా పెట్టారు. నేనింకా నిరూపిస్తూనే ఉన్నాను!